బల్ల మీద ఉన్నంతే

మా నాయిన ఖాతా పుస్తకంలో ప్రతి పేరు పక్కన ఎర్ర సిరాతో ఒక అంకె ఉండేది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాది పైపులు, ఫిట్టింగుల దుకాణం. బోర్లు వేసేవాళ్లు, ప్లంబర్లు, చిన్న కాంట్రాక్టర్లు పొద్దున్నే వచ్చి సామాను ఎత్తుకుపోయి, పని అయ్యాక డబ్బు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఉద్దెర లేకుండా ఆ వ్యాపారం నడవదు. ఒకరికి మూడు వేలు, ఒకరికి ఎనిమిది, ఇంకొకరికి ఇరవై. బాకీ ఆ అంకె దగ్గరికి వచ్చిందా, ఎంత పాత మనిషైనా సరే, నాయిన పుస్తకం మూసి చాయ్ తెప్పించేవాడు. అడిగినవాడికి అర్థమైపోయేది. చాయ్ తాగి, రేపు కొంత కట్టి తీసుకుపోతానని లేచేవాడు.

"మనిషి ఎదురుంగ నిలవడ్డంక మనకు లెక్క రాదు బిడ్డా," అనేవాడు నాయిన. "గందుకే లెక్క ముందుగాల్నే రాసి పెట్టుకోవాలె."

మా ఇల్లు రాంగోపాల్‌పేట్‌లోని నల్లగుట్టలో. రాంగోపాల్‌పేట్ అనగానే చాలామందికి ఎమ్‌జీ రోడ్డు ట్రాఫిక్, ప్యారడైజ్ వైపు పోయే బస్సులు గుర్తొస్తాయి. నాకు పోలీస్ స్టేషన్ మీది గడియారం గుర్తొస్తుంది. ఆ రోడ్డును జేమ్స్ స్ట్రీట్ అని పిలిచిన రోజుల్లో దీవాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ కట్టించిన భవనం అది. పేటకు పేరు కూడా ఆయనదే. ఆదివారం దుకాణం బంద్. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ముందు గదిలో చాప పరిచి నాయినా, పక్క దుకాణం సేటూ, రైల్వేలో పనిచేసే మా మేనమామా, ఇంకో ఇద్దరూ పత్తాలు వేసుకునేవాళ్లు. పదమూడు ముక్కల రమ్మీ. పాయింటుకు ఒక పైస. ముక్కలు చూసి మొదట్లోనే పారేస్తే ఇరవై పాయింట్లు, ఆట మధ్యలో పారేస్తే నలభై, ఎదుటివాడు షో కొట్టేసరికి చేతిలో సీక్వెన్స్ కూడా పడకపోతే ఫుల్ కౌంట్, ఎనభై. ఎంత పాడు చెయ్యి వచ్చినా ఎనభై దాటదు. వరసగా పదిహేను ఆటలు ఫుల్ కౌంట్ పడ్డా పన్నెండు రూపాయలు. అమ్మ ఈ లెక్క వంటింట్లోంచే కట్టేది. కట్టింది కాబట్టే మిరపకాయ బజ్జీలు వేసి పంపేది.

సికింద్రాబాద్‌కూ రమ్మీకీ ఉన్న బంధం మా చాప మీదే ఆగలేదు. 1963 మే 4న పోలీసులు ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేశారు. బల్ల మీద పేక, కౌంటర్లు, కొంత డబ్బు దొరికాయి. హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మెజిస్ట్రేట్ శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967 నవంబర్ 22న జస్టిస్ హిదాయతుల్లా చెప్పిన తీర్పు ఈ దేశంలో రమ్మీ ఆడేవాళ్లకు దశాబ్దాలపాటు ఆధారంగా నిలిచింది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఈ ఆటలో నేర్పు ఉంది. మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టం మీద నడిచేది అని ఆ తీర్పు సారాంశం. అందులోనే రెండో మాట కూడా ఉంది. సభ్యులకు పేక, కుర్చీలు సమకూర్చినందుకు క్లబ్ కాస్త రుసుము తీసుకుంటే తప్పు లేదు, కానీ ఆట నడిపి దాని మీద లాభం చేసుకుంటే అది నేరం కావచ్చు. మా మేనమామ మొదటి మాటనే చెప్పేవాడు. "సుప్రీంకోర్టు మన ఆటను ఆట అన్నది" అంటూ ముక్కలు కలిపేవాడు. రెండో మాట నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అవసరం పడలేదు.

2001లో నేను కాలిఫోర్నియా పోయాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా టీమ్‌లో నలుగురు తెలుగువాళ్లం. శుక్రవారం రాత్రి ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో రమ్మీ. 2003లో క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంట్, ఆన్‌లైన్‌లో చిన్న ఫీజుతో అర్హత సంపాదించి, 839 మంది ఆడిన వరల్డ్ సిరీస్ పోకర్ ప్రధాన పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు ఇంటికి పట్టుకుపోయాడు. టీవీలో ఆ ఆట మళ్లీ మళ్లీ వచ్చేది. ఆటగాళ్ల చేతిలోని ముక్కలు మనకు కనిపించేట్టు చిన్న కెమెరాలు పెట్టేవాళ్లు. ఆ ఏడాది చివరికి మా శుక్రవారాలు పోకర్‌కు మారాయి. మరుసటి ఏడాది నేను ఒక కార్డ్ రూమ్‌లో, చట్టబద్ధంగా నడిచే చోట, బల్ల ముందు కూర్చున్నాను.

అక్కడ ఎక్కువగా నడిచేది లిమిట్ హోల్డెమ్. తెలియనివారి కోసం చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు: మొదట మూడు కలిపి, దాన్ని ఫ్లాప్ అంటారు, ఆ తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ఈ ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే వాళ్లది కుండ, అంటే మధ్యలో పోగైన పందెం. ముక్కలు పంచగానే ఒకసారి, ఫ్లాప్ మీద ఒకసారి, టర్న్ మీద, రివర్ మీద పందెం కాస్తారు. నేను ఆడింది 3-6 బల్ల. మొదటి రెండు రౌండ్లలో బెట్ మూడు డాలర్లు, తర్వాతి రెండింట్లో ఆరు. పెంచాలన్నా అంతే పెంచాలి, రౌండుకు మూడుసార్లకు మించి పెంచకూడదు. నీ ముందు వెయ్యి డాలర్ల చిప్పులున్నా నాకు పడే దెబ్బ ఆరు డాలర్లే.

నాకు ఆ బల్ల మా ఇంటి చాపలా అనిపించింది. ఎనభై పాయింట్ల ఆట నుంచి వచ్చినవాణ్ణి కదా, ఆ మూడూ ఆరూ నాకు నాయిన ఎర్ర అంకెల్లా కనపడ్డాయి. ఒక కవరులో 1800 డాలర్లు పెట్టుకున్నాను. పెద్ద బెట్‌కు మూడు వందల రెట్లు ఉంటే చెడ్డ రోజులు తట్టుకోవచ్చని అప్పటి పుస్తకాల లెక్క. గంటకు ఒక పెద్ద బెట్, అంటే ఆరు డాలర్లు మిగిలితే మంచి ఆటగాడికిందే లెక్క. ప్రతి ఆటలో హౌస్, అంటే కార్డ్ రూమ్, తీసుకునే కోతే చిన్న బల్లలకు పెద్ద బరువు. అది పోను అంత మిగలడం తేలిక కాదు. నాకు అంతకన్నా తక్కువే మిగిలేది, కానీ మిగిలేది.

లిమిట్‌లో నేను నేర్చిన విద్య ఒక్కటే, ధర చూసి కొనడం. టర్న్ దాకా వచ్చాను, చేతిలో ఒకే రంగువి నాలుగు ముక్కలు కలిశాయి, ఇంకొకటి పడితే ఫ్లష్. నాకు కనపడనివి 46. అందులో పనికొచ్చేవి 9, పనికిరానివి 37. నాలుగుసార్లకు పైగా పోతే ఒకసారి వస్తుంది. కుండలో నలభై అయిదు డాలర్లున్నాయి, నేను కట్టాల్సింది ఆరు. ఏడింతలకు పైన వస్తుంటే నాలుగింతల ప్రమాదానికి భయమెందుకు? కట్టాలి. లిమిట్‌లో కుండ ఎప్పుడూ బెట్ కన్నా చాలా పెద్దది. అందుకే చాలాసార్లు జవాబు ఒకటే: ఇంకొక్క బెట్టే కదా, కట్టు, చూడు. చివర్లో రివర్ మీద కూడా అంతే. ఎదుటివాడు నన్ను దాటాడేమోనని అనుమానం వచ్చినా, తొమ్మిదిసార్లకు ఒకసారి నేను గెలిచినా చాలు, ఆ ఆరు డాలర్లు గిట్టుబాటే. ముక్కలు పారేసి తర్వాత బాధపడే కన్నా కట్టి చూడటమే మేలు. రెండేళ్లపాటు ఇది నా ఒంట్లోకి ఇంకిపోయింది. తప్పుగా ఇంకిందని అనను. ఆ బల్ల మీద అదే సరైన ఆట.

2006కల్లా లిమిట్ బల్లలు పలచబడ్డాయి. కొత్తగా వచ్చేవాళ్లంతా టీవీలో చూసింది నో-లిమిట్. వాళ్లకు "ఆల్ ఇన్" అనాలని ఉండేది. మంచి ఆటగాళ్లు వాళ్ల వెనక పోయారు. నా బల్ల మీద మిగిలినవాళ్లు ఒక్క చెడ్డ బెట్ కట్టని ముసలివాళ్లు. నేనూ కదిలాను. 1-2 నో-లిమిట్, 200 డాలర్లతో కూర్చోవడం. ఇక్కడ ఒకటీ రెండూ బ్లైండ్‌లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టి తీరాల్సిన డాలర్లు.

నో-లిమిట్‌లో ముక్కలు అవే, పంచే వరస అదే, గెలిచే లెక్క అదే. మారేది ఒక్క నియమం: నీ వంతు వచ్చినప్పుడు నీ ముందున్నదంతా తోసెయ్యొచ్చు. ఒక్క నియమమే కదా అనుకున్నాను. మూడో వారం ఒక చెయ్యి వచ్చింది. ఇన్నేళ్లయినా ముక్క ముక్కా గుర్తుంది.

నాకు ఆసూ రాణీ. పది డాలర్లకు పెంచాను. నా ఎదురుగా ఒక పెద్దాయన, బేస్‌బాల్ టోపీ, చిప్పుల పక్కన చల్లారిన టీ. రెండు గంటలుగా ఆయన ఒక్కసారీ పెంచింది లేదు. పెద్ద బ్లైండ్ ఆయనదే. ఆయనొక్కడే కట్టాడు. చిన్న బ్లైండ్‌తో కలిపి కుండలో 21. ఫ్లాప్ మీద రాణి, ఎనిమిది, అయిదు. రంగులు కలవలేదు. బల్ల మీది పెద్ద ముక్కకు నాది జత, పక్కన ఆసు. ఇంతకన్నా ఏం కావాలి? ఆయన చేత్తో బల్ల తట్టాడు, అంటే చెక్. నేను 15 పెట్టాను, కట్టాడు. టర్న్ రెండు. ఆయన మళ్లీ తట్టాడు. నేను 35. అప్పుడు ఆయన టీ కప్పు ఒక అంగుళం పక్కకు జరిపి, 100 చేశాడు.

నేను ఇంకా 65 కట్టాలి. కుండలో అప్పటికే 186 ఉంది. దాదాపు మూడింతలు. రెండు గంటలు నోరెత్తని మనిషి ఇప్పుడెందుకు పెంచాడన్న ప్రశ్న నాకు వచ్చింది. వచ్చిందనే గుర్తు. కానీ దానికన్నా పాత గొంతు ముందు పలికింది: ఇంకొక్క బెట్టే కదా. కట్టాను. రివర్ తొమ్మిది. ఆయన నా దగ్గర మిగిలిన 75ను సరిగ్గా కొలిచినట్టు పెట్టాడు. కుండలో 326, కట్టాల్సింది 75, నాలుగింతలకు పైన. ఇక్కడిదాకా వచ్చి వదిలేదేముంది? కట్టాను. ఆయన రెండు అయిదులు తిప్పాడు. బల్ల మీది దాంతో మూడు అయిదులు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఇదే చెయ్యిని 3-6 బల్ల మీద ఆడి ఉంటే ఎంత పోయేదో కాగితం మీద వేశాను. ముందు ఆరు, ఫ్లాప్ మీద మూడు, టర్న్ మీద పన్నెండు, రివర్ మీద ఆరు. 27 డాలర్లు. అవే ముక్కలు, అదే మనిషి, అదే అనుమానం, అదే తప్పు. అక్కడ 27, ఇక్కడ 200.

పోయిన డబ్బు నన్ను అంత బాధించలేదు. టర్న్ దగ్గర నేను చదివిన ధరే తప్పన్నది ఆ కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది. ఆయన 65 అడిగినట్టు నాకు కనిపించింది. నిజానికి ఆయన అడిగింది 140. అరవై అయిదు కట్టాక నా దగ్గర మిగిలే 75 కుండ ముందు చాలా చిన్నదైపోతుందని, రివర్ మీద దాన్ని నేను కాపాడుకోలేనని ఆయనకు తెలుసు. లిమిట్ బల్ల మీద ప్రతి బెట్ దానికదే పూర్తయిన మాట. కడితే అయిపోయింది, తర్వాతి బెట్ వేరే సంగతి. నో-లిమిట్‌లో ఈ బెట్ ఒక తలుపు మాత్రమే, దాని వెనక ఎన్ని గదులున్నాయో చూసి గడప దాటాలి. నేను లోపలికి అడుగు పెట్టడానికి ఎంతో అడిగాను. బయటికి రావడానికి ఎంతో అడగలేదు.

దీన్ని ఒంటికి పట్టించడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. కవరు 1800 నుంచి 4000 చేశాను, అంటే రెండు వందల చొప్పున ఇరవైసార్లు కూర్చునేంత. చేతులు చాలా తక్కువ ఆడటం మొదలుపెట్టాను. కష్టమైంది ఒకటుంది: మంచి ముక్కలు చేతిలో పెట్టుకుని పారేయడం. లిమిట్‌లో రాణుల జతను పారేస్తే అది పిరికితనం. ఇక్కడ వారానికి ఒకసారైనా దాన్ని పారేయాలి. పారేశాక ఎదుటివాడు ముక్కలు చూపించడు, మనం తెలివిగా తప్పుకున్నామా, బెదిరి పారిపోయామా ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడాన్ని మోసుకుంటూ తర్వాతి ఆట ప్రశాంతంగా ఆడగలగాలి. నా వరకు నో-లిమిట్ అంతా అదే.

దాని గొప్పతనం గురించీ చెప్పాలి, ఎందుకంటే నేను ఆ ఆటను ఇష్టపడ్డాను. లిమిట్‌లో నా దగ్గర ఎంత మంచి చెయ్యి ఉన్నా, ఫ్లష్ కోసం చూసేవాణ్ణి ఆపలేను. ఆరు డాలర్లు విసిరి వెంటపడతాడు, అది అతనికి లాభం కూడా. నో-లిమిట్‌లో కుండలో యాభై ఉంటే నేనూ యాభై పెడతాను. వంద కోసం యాభై కట్టాలి, రెండింతలే. నాలుగుకు పైన ఒకటి వచ్చే ముక్క కోసం అది చెడ్డ బేరం. అవే తొమ్మిది ముక్కలు, అదే ఆశ, ధర మాత్రం నేను రాశాను. ధర రాసే హక్కు చేతికి రావడం చిన్న సంగతి కాదు. అప్పటిదాకా ఇంకొకరు రాసిన ధర చూసి కొనడమో మానడమో చేసినవాణ్ణి. నెల జీతం తీసుకునే మనిషికీ దుకాణం పెట్టిన మనిషికీ ఉన్న తేడా ఇదేనేమో. నాయినను నేను అర్థం చేసుకున్నది అక్కడ, ఎనిమిది వేల మైళ్ల దూరంలో, ఆ ఆకుపచ్చ గుడ్డ మీద. ఆయన ఉద్యోగం చేయలేదు. ప్రతి రోజూ ధర రాశాడు. అందుకే అంకె కూడా రాసుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాసేపు ఆగాలి. నో-లిమిట్ అంటే హద్దు లేనిదని పేరు. కానీ ఆ బల్లకు ఒక గట్టి హద్దు ఉంది, టేబుల్ స్టేక్స్ అంటారు. ఆట మొదలైనప్పుడు నీ ముందు ఎంత ఉందో అంతే నీ పందెం. మధ్యలో జేబులోంచి తీయడం కుదరదు, పక్కవాణ్ణి అప్పు అడగడం కుదరదు, ఉంగరం తీసి పెట్టడం కుదరదు. ఎదుటివాడి ముందు పదివేలున్నా నీ రెండు వందల వరకే నిన్ను తాకగలడు. ఆ ఆట ముగిశాక, కావాలంటే కొత్త చిప్పులు కొనుక్కోవచ్చు. అంటే లేవాలి, పర్సు తీయాలి, నోట్లు లెక్కపెట్టాలి, ఇవ్వాలి. ఆ నాలుగు పనుల మధ్య మనిషికి బుద్ధి తిరిగి వచ్చే సందు ఉంది. పెద్దాయన నా 200 తీసుకున్న రాత్రి నేను లేచి కారు దాకా నడిచాను. చల్లగాలి తగిలింది. మళ్లీ లోపలికి పోలేదు.

హస్తినాపురంలో ఆ నియమం లేదు. చిన్నప్పటి నుంచి విన్న కథే, కానీ పోకర్ ఆడాక నాకు అది వేరేగా వినిపించింది. ధర్మరాజు ఒక్కసారిగా అంతా పెట్టలేదు. ముందు మణులు పెట్టాడు, పోయాయి. బంగారం, రథం, దాసదాసీలు, ఏనుగులు, గుర్రాలు. ప్రతిదాన్నీ పేరు పెట్టి చెప్పి, విడిగా పెట్టాడు. ప్రతిదీ పోయాక ఇంకొకటి ఉందని గుర్తు చేసుకున్నాడు. రాజ్యం పోయింది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పోయారు, తానే పోయాడు, ఆ తర్వాత ద్రౌపది. విదురుడు మధ్యలో అడ్డం పడ్డాడు, ఎవరూ వినలేదు. ఇందులో ఎక్కడా ఒక పెద్ద బెట్ లేదు. అన్నీ ఇంకొక్క బెట్లే. ద్రౌపది సభలో నిలబడి అడిగితే తప్ప ఆ పోయినవి వెనక్కి రాలేదు. రెండోసారి ఆడినప్పుడు మాత్రం పందెం ముందే చెప్పుకున్నారు: ఒకే ఒక్క ఆట, ఓడినవాళ్లు పన్నెండేళ్లు అడవిలో, ఏడాది అజ్ఞాతంలో. ఘోరమైన పందెమే. అయినా దానికి ఒక అంచు ఉంది. పాండవులు దాన్ని తామే మోసి, రోజులు లెక్కపెట్టుకుని, బయటికి రాగలిగారు. మొదటి ఆట నుంచి వాళ్లంతట వాళ్లు బయటికి రాలేకపోయారు.

2012లో నాయినకు చేతకాకుండా అయ్యాక నేను తిరిగి వచ్చి దుకాణంలో కూర్చున్నాను. ఇక్కడ పోకర్ ఆడలేదు. ఇది ఆడే చోటు కాదు, చట్టం ఒప్పుకోదు. గోవా పోయి మాండవి నది మీది ఓడ కాసినోల్లో ఆడివచ్చే మిత్రులున్నారు గానీ, నాకు ఆ దాహం తీరిపోయింది. నేను మర్చిపోలేకపోయింది ఆ కాగితం మీద వేసిన లెక్కను.

మా దుకాణంలో ఆరేళ్లుగా ఒక కుర్రాడు పనిచేస్తున్నాడు. అడగకముందే ఎల్బో ఏ సైజో, టీ ఏ సైజో పట్టుకొచ్చే చురుకైన పిల్లవాడు. 2024 వానాకాలం నుంచి జీతం ముందుగా అడగడం మొదలైంది. మొదట రెండు వేలు, తర్వాత అయిదు. మధ్యాహ్నం కర్బలా మైదాన్ వైపు డెలివరీకి పోయి ఆలస్యంగా వచ్చేవాడు. ఒకరోజు గోడౌన్‌లో పీవీసీ పైపుల కట్ట మీద కూర్చుని ఉండగా వెనక నుంచి ఫోన్ చూశాను. పదమూడు ముక్కలు, వరసగా, రంగులద్ది. నాకు ప్రాణం చివుక్కుమంది. మా చాప మీది ఆట అది.

"అది రమ్మీయే కదా అన్నా," అన్నాడు. "పాయింటుకు రూపాయి. ఫుల్ కౌంట్ పడ్డా ఎనభై. గంతకంటె పోదు."

నిజమే. ఎనభై అక్కడే ఉంది. పాయింట్లు అవే, డ్రాప్ అదే, జోకర్ అదే. కానీ మా ఇంట్లో ఆ ఎనభై చుట్టూ ఇంకా ఎన్ని హద్దులు ఉండేవో అప్పుడు గానీ నాకు తట్టలేదు. ముక్కలు కలపడానికి పట్టే సమయం ఒక హద్దు. అయిదుగురు కుదిరితేనే ఆట, అదొక హద్దు. మేనమామకు సాయంత్రం డ్యూటీ. చీకటి పడితే సేటు గారింట్లో దీపం పెట్టే వేళ. వంటింట్లో అమ్మ. ఓడినవాడి మొహం గెలిచినవాడికి కనపడటం అన్నిటికన్నా పెద్ద హద్దు. ఎవరైనా రెండు మూడు ఆటలు వరసగా ఓడితే నాయిన ముక్కలు కింద పెట్టి, "ఇయ్యాల్టికి చాలు తియ్" అనేవాడు, తను గెలుస్తున్నా సరే. ఫోన్‌లో ఇవేవీ లేవు. ఆట అయిదు నిమిషాల్లో అయిపోయేది, మరో బల్ల క్షణంలో దొరికేది, అర్ధరాత్రి రెండింటికి కూడా. డబ్బులు అయిపోతే లేవక్కర్లేదు, పర్సు తీయక్కర్లేదు. నాలుగు అంకెల పిన్ చాలు. సొంత డబ్బు అయిపోతే అప్పు ఇచ్చే యాప్ అదే ఫోన్‌లో ఉంది. ఎనభై పాయింట్ల లిమిట్ ఆటకు టేబుల్ స్టేక్స్ తీసేస్తే, అది నేనాడిన నో-లిమిట్ కన్నా హద్దు లేనిదైపోయింది. పైగా కంపెనీ ప్రతి ఆటలో తన వాటా తీసుకునేది. 1967 తీర్పులోని మొదటి మాటను పట్టుకునే ఆ కంపెనీలు కోర్టుల్లో వాదించాయి. రెండో మాటను అంత గట్టిగా పట్టుకోవాల్సింది మనం.

తెలంగాణ ఆ పని ముందే మొదలుపెట్టింది. 2017లో ఆర్డినెన్స్ తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నేర్పున్న ఆటను జూదంతో కలిపి కట్టేశారని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, నేనూ నేర్పుతో ఆడినవాణ్ణే. కానీ నేర్పు ఉందా లేదా అన్న ప్రశ్న చాప మీద ఆటకు సరిపోయింది. జేబులో ఇరవైనాలుగ్గంటలూ ఉండే ఆటను, ఇది ఎక్కడ ఆగుతుంది అని కూడా అడగాలి. మా కుర్రాడు నిషేధం ఉన్న ఊళ్లోనే ఆడాడు. ఫోన్ ఎక్కడుందో తప్పుగా చూపించే ఇంకో యాప్ పెట్టుకున్నాడు.

నేను తిట్టలేదు. తిట్టడానికి నాకేం హక్కుంది? "ఎంత పోయిందిరా?" అని అడిగాను.

"ఎక్కువేం పోలేదన్నా. ఎప్పుడేసినా రెండొందలు, మూడొందలే."

అబద్ధం చెప్పడం లేదు. కళ్లలోకి చూసే చెప్పాడు. అతనికి నిజంగానే అంతే తెలుసు.

ఆ ఆదివారం రమ్మన్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్ పధ్నాలుగు నెలలది జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తెచ్చాడు, నలభై పేజీలకు పైనే. షట్టర్ సగం దించి, నాయిన కూర్చునే గల్లా పెట్టె బల్ల మీద కాగితాలు పరిచాం. అతను చదువుతుంటే నేను క్యాలిక్యులేటర్ నొక్కాను. ఎర్ర పెన్ను అతని చేతికిచ్చాను, ఆటకు పోయిన ప్రతి వరస పక్కన టిక్కు పెట్టమని. రెండొందలు. మూడొందలు. రెండొందలు. నూరు. అయిదొందలు. మూడొందలు. అయిదొందలకు మించిన వరస ఒక్కటీ లేదు. కొన్ని వరసల మధ్య నాలుగు నిమిషాల తేడా. వచ్చినవి కూడా ఉన్నాయి, ఎనిమిదొందలు, వెయ్యి, ఒకసారి రెండు వేల ఆరొందలు. వాటిని తీసేస్తూ పోయాం. పదో పేజీ దాకా గట్టిగా చదివాడు. ఇరవై దాటాక గొంతు తగ్గింది. తర్వాత అంకె చదవడం మానేసి కాగితం మీద వేలు పెట్టి చూపించాడు, నేను చూసి నొక్కాను. చాయ్ తెప్పించాను. తాగలేదు.

చివరి పేజీ అయ్యేసరికి వీధిలో లైట్లు వెలిగాయి. క్యాలిక్యులేటర్ అతని వైపు తిప్పాను. 1,86,400.

చాలాసేపు దాన్నే చూశాడు. "తప్పు పడ్డదేమో అన్నా," అన్నాడు. "మల్లొక్కసారి కలుపుదమా?"

మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అతను నొక్కాడు, నేను చదివాను. రాత్రి తొమ్మిదిన్నర అయింది. అంతే వచ్చింది.